ఇంటిల్లిపాదీ కలిసి తోటపని, ఇంటిపని సర్వీసు పెడదామంటే విజయనగరంలో ఎక్కడ మొదలెట్టాలి?

దాసన్నపేట_దొడ్డి అడిగినది:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఇంట్లో పనిచేసేవాళ్లం నలుగురం: నేను, మా ఆవిడ, మా బావమరిది, మా అత్త. మొక్కల పని నాకూ బావమరిదికీ వచ్చు. ఆడవాళ్లిద్దరికీ ఇల్లు కడగడం, సర్దడం, పండగ ముందు బూజులు దులపడం లాంటివాటిలో చెయ్యి తిరిగింది. చేతిలో 60 వేలున్నాయి, ఒక టీవీఎస్ ఎక్సెల్ ఉంది. తోటపని, ఇంటిపని రెండూ కలిపి ఒకే పేరు మీద సర్వీసులా పెడదామని ఆలోచన.

తేలనివి ఇవి. రేటు గజాల లెక్కన చెప్పాలా, రోజు లెక్కన చెప్పాలా? పరికరాల్లో ఏవి ముందు కొనాలి? కడియం నర్సరీల నుంచి తెచ్చి పెట్టిన మొక్కలు నెల తిరక్కుండా ఎండిపోతున్నాయని చాలా ఇళ్లల్లో అంటున్నారు, కారణం ఏటి? ఖాళీ స్థలాల్లో తుప్పలు కొట్టడం, కొబ్బరి చెట్లు, వాటర్ ట్యాంకులు కడగడం కూడా ఒప్పుకోవచ్చా? రిజిస్ట్రేషన్ ఏదైనా ఉండాలా? ఈ పనుల్లో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కల_వదిన:

ముందు రేటు సంగతి తేల్చుకో తమ్ముడూ, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. గజాల లెక్క వద్దు. 50 గజాల దొడ్డిలో 60 కుండీలుంటే గంటన్నర పడుతుంది, 200 గజాల దొడ్డిలో నాలుగు కొబ్బరి చెట్లు, ఒక మామిడి ఉంటే అరగంటలో అయిపోతుంది. అమ్మాల్సింది మీ సమయాన్ని.

లెక్క ఇలా కట్టు. ఇద్దరు మనుషులు, రోజు కూలీ 700 చొప్పున అనుకుందాం, 1400. అది మీరే అయినా సరే, కూలీ వేసుకోవాల్సిందే. పెట్రోలు 150, మందులు, ఎరువులు, దారాలు 100, పరికరాల అరుగుదల 100, ఫోను, పుస్తకం, పనిలేని రోజుల కోసం 150. మొత్తం 1900. దాని మీద 350 లాభం వేస్తే 2250. రోజుకి ఎనిమిది గంటలు బయట ఉన్నా, మాటలు, గేటు దగ్గర నిలబడటం పోతే చేతికి దొరికేది ఆరు గంటలు. 2250ని ఆరుతో భాగిస్తే ఇద్దరికీ కలిపి గంటకి 375. ఇంట్లో 45 నిమిషాల పని, దారికి 15 నిమిషాలు అంటే ఒక గంట. వారానికోసారి వెళ్తే నెలకి 1500. మీ దగ్గర కూలీ వేరే అయితే అంకెలు మార్చుకో, పద్ధతి మాత్రం మార్చకు.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడు. ఇలాంటి ఇళ్లు 20 పడితే నెలకి 30 వేలు. పని 80 గంటలు, అంటే పదమూడు పద్నాలుగు రోజులు. మిగిలిన పది పన్నెండు రోజులు తుప్పలు కొట్టడం, కొత్త తోట వెయ్యడం లాంటి విడి పనులకి దొరుకుతాయి. నెలవారీ ఇళ్లు లేకుండా విడి పనుల మీదే బతుకుదామంటే వానాకాలంలో ఊపిరాడదు, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఫోను మోగదు.

ఈ లెక్క నిలబడాలంటే ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి కంటోన్మెంటులో, ఇంకోటి బాలాజీ నగర్లో, మూడోది నెల్లిమర్ల రోడ్డులో ఒప్పుకుంటే 15 నిమిషాల దారి కాస్తా 35 అవుతుంది. గంటకి 375 అనుకున్నది 280కి పడిపోతుంది. మొదటి ఆరు నెలలు రెండు పేటలు మించి వెళ్లకండి. దూరం ఇల్లు వాళ్లు బతిమాలినా సరే.

ఇంకో మాట. నెలవారీ పనిలో ఏమేం ఉంటాయో, ఏవి ఉండవో కాగితం మీద రాసి వాట్సాప్‌లో పెట్టండి. కలుపు, గొప్పు తవ్వడం, ఎండాకులు తియ్యడం, కత్తిరింపు, నెలకోసారి ఎరువు, అవసరమైతే వేపనూనె: ఇవి ఉంటాయి. చెట్టు నరకడం, చెత్త ఊరవతలకి తోలడం, కొత్త కుండీలు నింపడం ఉండవు, వాటికి వేరే రేటు. "ఎలాగూ వచ్చారు కదా బాబూ, ఆ మూల కూడా ఓసారి చూసెయ్యండి" అనేది ప్రతి గుమ్మంలోనూ వినిపిస్తుంది. ఆ ఓసారి 25 నిమిషాలు.

డబ్బు సంగతి: 60 వేలల్లో పరికరాలకి 30 దాటనివ్వకు. 10 వేలు తిరుగుడుకి. మిగతా 20 కదపకు, బండి పాడైనా మనిషికి జ్వరమొచ్చినా అదే ఆదుకుంటుంది. బావమరిదికి రోజు కూలీ రాసి ఇవ్వు, అత్తగారికీ అంతే. ఇంట్లో వాళ్లే కదా అని ఊరుకుంటే ఏడాది తిరిగేసరికి ఎవరిది ఎంత అన్నది మాటల్లో తేలదు.

గునపం_బాబు:

పరికరాలు. చేతి పనిముట్లు మంచివి కొనండి, మోటారువి తర్వాత చూద్దాం. పారలు రెండు, గునపం ఒకటి, చిన్న చేతి పారలు రెండు, కొడవళ్లు రెండు, కొమ్మలు కత్తిరించే కట్టర్లు రెండు (బైపాస్ రకం, రెండు బ్లేడ్లు పక్కపక్కన జారేది, ఒక బ్లేడు చదును మీద నొక్కే రకం పచ్చి కొమ్మని నలిపేస్తుంది), మడత రంపం ఒకటి, తట్టలు మూడు, 30 మీటర్ల పైపు, 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు. మోకాలి కిందదాకా వచ్చే గమ్‌బూట్లు, తోలు గ్లవుజులు, కళ్లద్దాలు ఇద్దరికీ. ఇందులో తగ్గించుకోగలిగింది స్ప్రేయరు ఒక్కటే, మొదట్లో రెండు లీటర్ల చేతి పంపుతో గడుస్తుంది.

కట్టరుని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీసుకెళ్లేముందు స్పిరిటుతో తుడవాలి. గులాబీకి ఎండు తెగులు ఉన్న దొడ్డిలోంచి వచ్చి, అదే బ్లేడుతో పక్కింటి గులాబీ కోస్తే తెగులు మీరే మోసుకెళ్లినట్టు.

బ్రష్ కట్టర్ రెండో నెలలో కొనండి, అదీ ఖాళీ స్థలాల పనులు రెండు మూడు చేతిలో ఉంటేనే. టూ స్ట్రోక్ తీసుకుంటే పెట్రోల్లో ఆయిల్ కలపాలి. మాన్యువల్లో 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. ఊరికే పెట్రోలు పోసి తిప్పితే పిస్టన్ పట్టేస్తుంది, ఆ రిపేరు ఖర్చుతో సగం మిషను వచ్చేస్తుంది. వారం పైన వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా తిప్పి పెట్టండి. ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమ లాగి కార్బ్యురేటర్లో జిగురు పట్టిస్తుంది. "నిన్న ఆడింది, ఈరోజు స్టార్ట్ అవ్వట్లేదు" అనేవాటిలో ఎక్కువ ఇదే.

గడ్డికి నైలాన్ తీగ, తుప్పలకి మూడు పళ్ల బ్లేడు. తిరుగుతున్నప్పుడు 15 మీటర్ల లోపల మనిషి, పశువు, ఆపిన స్కూటరు, కిటికీ అద్దం ఏదీ ఉండకూడదు, గులకరాయి గుండులా వెళ్తుంది. ఇంకోటి చాలామంది చూసుకోరు: మామిడి, జామ మొదళ్లకి ఆనుకుని నైలాన్ తిప్పితే బెరడు చుట్టూ చీరుకుపోతుంది. ఆ చుట్టు పూర్తయితే చెట్టు మూడు నాలుగు నెలల్లో పైనుంచి ఎండుతుంది, అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు. మొదలు చుట్టూ జానెడు వదిలి చేత్తో పీకండి.

ఖాళీ స్థలాలు ఒప్పుకోవచ్చు. యజమానులు వైజాగులోనో హైదరాబాదులోనో ఉంటారు కాబట్టి ముందు, తర్వాత ఫోటోలు, హద్దు రాళ్లు కనిపించే వీడియో పంపితే చాలు, ఏడాదికి మూడు సార్లు మీకే ఇస్తారు. పని లెక్క చెప్పేముందు నడిచి చూడండి. తుప్ప కింద ఇటుక ముక్కలు, పాత ఇనుప చువ్వలు ఉంటే బ్లేడు పోతుంది. వయ్యారిభామని పువ్వు రాకముందు, వాన పడిన మర్నాడు వేళ్లతో సహా పీకాలి. పువ్వొచ్చాక కోస్తే గింజ రాలుతుంది, పైగా పుప్పొడికి చర్మం దురద, ఉబ్బసం. ఫుల్ చేతుల చొక్కా, గ్లవుజులు లేకుండా ముట్టుకోవద్దు. తుంగకి మిషనుతో పని లేదు, పైన కోసిన వారానికి మళ్లీ లేస్తుంది. జానెడు లోతు తవ్వి గడ్డలు ఏరాల్సిందే, అదీ రెండు మూడు విడతలు. ఒక్కసారిలో తుంగ పోగొడతామని ఎవరికీ మాటివ్వకండి.

గడ్డి మందు కొట్టెయ్యమంటారు. గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అలాగే ఇళ్లల్లో చెదలకీ బొద్దింకలకీ మందు కొట్టడం వ్యాపారంగా చెయ్యాలంటే వేరే లైసెన్సు కావాలి. ఆ పనుల జోలికి వెళ్లకండి, లైసెన్సున్నవాళ్ల నంబరు ఇచ్చి ఊరుకోండి.

తుప్పల్లోకి దిగేముందు పొడుగు కర్రతో నేల మీద కొట్టుకుంటూ ఒక చుట్టు తిరగాలి. రక్తపింజర కదలదు, మీరే తొక్కుతారు. కరిస్తే గాటు పెట్టడం, తాడు బిగించడం వద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

మొక్కల_మావయ్య:

కడియం మొక్క ఎందుకు చస్తుందో చెప్తాను. ఇది ఒక్కటి సరిగ్గా చేస్తే మీకు పేరు దానంతటదే వస్తుంది.

అక్కడ కవరులో ఉండేది గోదావరి ఒండ్రు, జిగట మట్టి. మన దగ్గర దొడ్లలో ఎర్రమట్టి. కవరు కోసి ఆ ముద్దని అలాగే ఎర్రమట్టి గోతిలో దించితే పోసిన నీళ్లు చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి కిందికి జారిపోతాయి, ముద్ద లోపలికి దిగవు. పైన పాదు తడిగా కనిపిస్తుంది, లోపల వేరు ఎండుతుంది. ఇంటివాళ్లు ఆకు వాడుతోందని ఇంకా నీళ్లు పోస్తారు. పదిహేను, ఇరవై రోజుల తర్వాత పీకి చూస్తే ముద్ద ఇటుకలా ఉంటుంది, వేరు ఒక్కటీ బయటికి వచ్చి ఉండదు.

చెయ్యాల్సింది ఇది. తెచ్చిన మొక్కల్ని వారం, పది రోజులు నీడలో, గాలి తగలని చోట ఉంచాలి. లారీలో గాలికి సగం నీరసపడి ఉంటాయి. నాటే రోజు కవరుతో సహా బకెట్ నీళ్లలో ముంచండి, బుడగలు ఆగేదాకా, పది పదిహేను నిమిషాలు. తీసి, నీరు కారనిచ్చి, కవరు కొయ్యండి. ముద్ద పక్కల్లో మూడు నాలుగు చోట్ల బొటనవేలితో నొక్కి వదులు చెయ్యండి, అడుగున చుట్టుకుపోయిన వేళ్లు ఉంటే కత్తిరించండి. మొత్తం ముద్ద పగలగొట్టొద్దు. గొయ్యి అడుగున్నర వెడల్పు, అంతే లోతు. తవ్విన మట్టిలో మూడో వంతు బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు), గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. పచ్చి గత్తం వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలూ పడుతుంది. నాటేది సాయంత్రం. మొక్క కవరులో ఎంతవరకు మట్టిలో ఉందో అంతే, మెడ దాకా పూడ్చొద్దు. మొదటి పది రోజులు నీళ్లు ముద్ద మీదే, మెల్లగా, చెంబుతో. పైపు పెట్టి వదిలెయ్యడం కాదు.

కుండీలకి నా కొలత: ఎర్రమట్టి నాలుగు పాళ్లు, వానపాముల ఎరువు గానీ చివికిన గత్తం గానీ మూడు, కొబ్బరి పొట్టు రెండు, ఇసుక ఒకటి. 12 అంగుళాల కుండీకి వేపపిండి 50 గ్రాములు. కొబ్బరి పొట్టు ఇటుకని రెండు సార్లు నీళ్లలో నానబెట్టి పిండి వాడాలి, ఉప్పు పోతుంది. ఉత్త ఎర్రమట్టి వేస్తే రెండు నెలల్లో గట్టిపడి కుండీ అంచుకీ మట్టికీ మధ్య సందు వస్తుంది, నీళ్లన్నీ అందులోంచే పోతాయి.

మేడ మీద తోట అడిగితే ముందు శ్లాబు చూడండి. 12కి 12 అంగుళాల గ్రోబ్యాగులో 22 లీటర్ల దాకా పడుతుంది, తడిస్తే 25 నుంచి 30 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే మేడకి భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగంలో తీసుకునే బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. చదరపు మీటరులో బ్యాగులు తొమ్మిది పడతాయి కదా అని పేర్చేస్తే 225 నుంచి 270 అవుతుంది. అయిదు మించొద్దు, అదీ గోడల మీదుగా, దూలాల మీదుగా, అంచుల వెంట. కోట చుట్టుపక్కల పాత సున్నపు మిద్దెలుంటాయి, వాటి మీద వద్దే వద్దు. బ్యాగు కింద ఇటుకలు పెట్టి రెండు అంగుళాలు లేపండి, లేకపోతే చెమ్మ దిగి కింది గదిలో పెచ్చులూడితే ఆ మాట మీకే వస్తుంది.

పిండినల్లి మందారం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ముందు నీళ్ల ధారతో కడగండి, గట్టిగా పట్టిన కొమ్మలు కోసి కవరులో కట్టి పారెయ్యండి. తర్వాత లీటరు నీళ్లకి వేపనూనె 5 మిల్లీలీటర్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక మిల్లీలీటరు. నూనెని ముందు లిక్విడ్‌తో కలిపి పాలలా అయ్యాక నీళ్లలో పొయ్యాలి, లేకపోతే నూనె పైకి తేలి మొదటి మొక్కకి ఏమీ అందదు, చివరి మొక్క ఆకు మాడుతుంది. సాయంత్రం, ఆకు అడుగున తగిలేలా, వారానికోసారి మూడు వారాలు. చీమల బారు తెగకపోతే ఎన్నిసార్లు కొట్టినా ఒకటే, పిల్ల పురుగుల్ని అవే మోసుకెళ్తాయి.

మల్లె గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మన పక్క మల్లె కత్తిరించడం తెలిసినవాడిని మార్చరు. డిసెంబరు, జనవరి నెలల్లో పది పదిహేను రోజులు నీళ్లు ఆపాలి. తర్వాత నేల నుంచి అడుగున్నర ఎత్తుకి కొట్టి, మిగిలిన ఆకులు దూసి, ఎండు కొమ్మలు తీసి, గొప్పు తవ్వి రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. అప్పుడు గత్తం వేసి నీళ్లు మొదలెడితే మార్చికి మొగ్గ. ఫిబ్రవరి చివర్లో కొట్టమంటే ఒప్పుకోవద్దు, ఆ ఏడాది పూత వెనక్కి పోతుంది, తిట్టు మీకు పడుతుంది.

కొబ్బరి చెట్టు మీరు ఎక్కొద్దు. దింపు తీసేవాళ్లతో మాట్లాడుకోండి, చెట్టుకింత అని. మీ పని పక్కన నిలబడి చూసుకోవడం. ఎండిన మట్టలు, పీచు తియ్యాలి, పచ్చ మట్ట నరకనివ్వొద్దు. కరెంటు తీగలకి అడ్డమొచ్చి తప్పనిసరిగా నరకాలంటే మాను దగ్గర నాలుగు అడుగుల మట్ట వదిలి కొయ్యాలి. మానుకి ఆనించి నరికితే ఆ గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, అది లోపల తిన్నాక మొవ్వు వాలేదాకా బయటికి తెలియదు. కొమ్ము పురుగుకి మొవ్వు చుట్టూ ఉన్న మూడు మట్టల మొదళ్లలో వేపపిండి పావుకిలో, అంతే ఇసుక కలిపి వెయ్యించండి. ఆకుల అడుగున తెల్లగా చుట్టలు చుట్టి ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. దాని జిగురు పడి కింద ఉన్న జామ, అరటి ఆకుల మీద నల్లమసి పడుతుంది. పురుగు మందు కొడితే దాన్ని తినే చిన్న కందిరీగ ఎన్‌కార్సియా కూడా చస్తుంది, దోమ ఇంకా పెరుగుతుంది. నీళ్ల ధార, మసికి పల్చటి గంజి. గంజి ఎండాక మసి పొరలా ఊడుతుంది.

నాగావళి_ఒడ్డు:

శ్రీకాకుళం నుంచి. పైన వాళ్లు తోట గురించి చెప్పారు, ఇంటి లోపలి పని గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అది నేను అందుకుంటాను.

తోట, ఇల్లు ఒకే రోజు ఒకే ఇంట్లో పెట్టుకోకండి. మట్టి కాళ్లతో ఒకరు నీళ్లకని వంటింట్లోకి వస్తే, కడిగిన గచ్చు మళ్లీ కడగాలి. ఇద్దరిద్దరు వేరే వేరే రోజులు. ఆడవాళ్లు ఎప్పుడూ జంటగానే వెళ్లాలి, కొత్త ఇంటికి మొదటిసారి మీలో ఒకరు తోడు వెళ్లి చూసి రావాలి. నెలవారీ అంట్లు, తుడుపు పనిలోకి దిగొద్దు. దానికి ఇళ్లల్లో ఇప్పటికే మనుషులుంటారు, వాళ్ల కూలీతో పోటీ పడి మీకు మిగిలేది లేదు. విడిగా పెద్ద శుభ్రత తీసుకోండి: ఫ్యాన్లు, కిటికీ జాలీలు, వంటింటి జిడ్డు, బాత్రూమ్ ఉప్పు మరకలు, అటకలు. రెండు పడకగదుల ఇంటికి ఇద్దరికి ఒక పూర్తి రోజు. వరస ఎప్పుడూ పైనుంచి కిందికి, లోపలి గది నుంచి గుమ్మం వైపు. ఫ్యాన్ రెక్కకి పాత దిండు గలేబు తొడిగి లాగితే దుమ్ము మంచం మీద పడదు.

రసాయనాల దగ్గర తప్పులు జరుగుతాయి, అవి ఖరీదైనవి. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ ఒకే గదిలో ఒకేసారి వాడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసి ఉంటే మనిషి పడిపోతుంది. రెండూ ఒకే సంచిలో కూడా పెట్టొద్దు. విజయనగరంలో పాత ఇళ్లకి మొజాయిక్ గచ్చులెక్కువ. మొజాయిక్‌లో ఉండేది పాలరాతి ముక్క, సిమెంటు. యాసిడ్ చుక్క పడిందంటే మెరుపు పోయి తెల్లటి గుంట. దానికి గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, అంతే. కుళాయిల మీద ఉప్పు గారకి నిమ్మ ఉప్పు, లీటరు గోరువెచ్చని నీళ్లకి 30 గ్రాములు. గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచితే గార మెత్తబడుతుంది, గీకాల్సిన పని లేదు. అదీ ఆమ్లమే కాబట్టి మొజాయిక్ మీద కారనివ్వొద్దు. చిమ్నీ జాలీలు అల్యూమినియంవైతే వాషింగ్ సోడాలో నానబెట్టకండి, నల్లబడతాయి, ఇక తెల్లబడవు. వేడి నీళ్లు, గిన్నెల లిక్విడ్, పాత బ్రష్షు.

వాటర్ ట్యాంకు ఒప్పుకోండి, మంచి పని. 1000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుకి పద్ధతి: మున్సిపల్ నీళ్లు వచ్చే రోజుకి ముందు రోజు పెట్టుకోండి. నీరు నాలుగు వేళ్ల లోతు ఉండేదాకా వాడనిచ్చి, నైలాన్ బ్రష్షుతో గోడలు తోమి (ఇనుప బ్రష్షు గీతల్లో పాచి పడుతుంది), అడుగు బురద గుడ్డతో ఎత్తెయ్యాలి, కుళాయిలోకి వదలకూడదు. రెండుసార్లు కడిగి నింపాలి. బ్లీచింగ్ పౌడరు 150 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి పావుగంట తేరనిచ్చి, పైనున్న తేట మాత్రమే ట్యాంకులో పొయ్యాలి. అడుగు సున్నం పోస్తే షవర్ల రంధ్రాలు మూసుకుపోతాయి. ఇంట్లో ప్రతి కుళాయి బ్లీచింగ్ వాసన వచ్చేదాకా తిప్పి ఆపి, రాత్రంతా ఉంచి, పొద్దున్న మొత్తం డ్రైనేజీలోకి వదలాలి. మొక్కలకి కాదు. మళ్లీ ఒకసారి కడిగి నింపడం. కాబట్టి ఇది రెండు రోజుల రాక, ధర అలా చెప్పండి. ఎప్పుడో మూత తీసిన బ్లీచింగ్ సంచిలో బలం ఉండదు, చిన్న ప్యాకెట్లు కొనుక్కోండి.

నేల సంపు వేరే సంగతి. మూత తీసి కనీసం గంట గాలాడనివ్వాలి, పైన ఇంకో మనిషి లేకుండా దిగకూడదు, మోటారు ప్లగ్గు పీకేసి జేబులో పెట్టుకోవాలి. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. ఎంతిస్తామన్నా ఒప్పుకోవద్దు, దానికి మిషను బండి ఉంది.

తాళాలు ఇచ్చి ఊరెళ్లేవాళ్లుంటారు. తాళంచెవి బిళ్ల మీద నంబరు మాత్రమే రాయండి, పేరు, వీధి రాయొద్దు. ఆ నంబరు ఎవరిదో ఇంట్లో పుస్తకంలో ఉంటుంది. పని మొదలెట్టేముందు ప్రతి గది ఫోటో తియ్యండి. ముందే పగిలి ఉన్న సింకు, గీత పడ్డ టీవీ మీ ఖాతాలో పడకుండా.

దాసన్నపేట_దొడ్డి:

అందరికీ దండాలు. వదినగారి లెక్క కాగితం మీద వేశాను, మా కూలీకి గంట 330 తేలింది. మూడు అడుగుతాను. మొక్క చచ్చిపోతే కొత్తది ఇస్తారా అంటున్నారు, గ్యారంటీ ఎలా చెప్పాలి? తుపాను రోజుల్లో ఏం చెయ్యాలి? రిజిస్ట్రేషన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మొక్కల_మావయ్య:

గ్యారంటీ ఇవ్వు బాబూ, కానీ హద్దు పెట్టి. మీరే నాటి, మీరే మట్టి కలిపితే 30 రోజులు. మొక్క ఉచితం, నాటే కూలీ సగం. పూల మొక్కలకీ చెట్లకీ సరే, లాన్ గడ్డికీ ఇండోర్ మొక్కలకీ వద్దు. నాటేముందు మూడు చూసుకో: ఏసీ బయటి యూనిట్ వేడి గాలి తగిలే చోటా, బట్టలుతికిన నీళ్లు పారే చోటా, ఆర్వో మిషను వదిలే నీళ్లు పోసే అలవాటుందా. మూడింటిలో ఏదున్నా గ్యారంటీ లేదని అక్కడే చెప్పెయ్యి. ఆర్వో వదిలే నీళ్లల్లో ఉప్పు చిక్కబడి ఉంటుంది, కుండీ అంచున తెల్లగా పేరుకుందంటే అదే. తులసి ముందు పోతుంది.

గునపం_బాబు:

తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ దసరా పక్కపక్కనే వచ్చాయి. కాబట్టి సెప్టెంబరులోనే ప్రతి నెలవారీ ఇంటికీ ఒక రోజు పెట్టి, మునగ, బొప్పాయి, పొడుగు నిమ్మ కొమ్మలు తగ్గించండి. చెట్టు ఆకుల్లో మూడో వంతు మించి కొయ్యొద్దు. పిట్టగోడ మీద కుండీలన్నీ హెచ్చరిక రాగానే కిందికి. తుపాను తర్వాత పడిన కొమ్మల పని చాలా ఉంటుంది, కానీ తీగ తగిలిన కొమ్మ లైన్‌మ్యాన్ వచ్చి సప్లై తీశానని చెప్పేదాకా ముట్టుకోకూడదు, కరెంటు లేదు కదా అనుకోవద్దు, ఎవరింట్లోనో ఇన్వర్టరో జనరేటరో వెనక్కి తోస్తుంది. ఫిర్యాదు నంబరు 1912. నిలబడి ఉన్న చెట్టు నరకమంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అనుమతి కాగితం ఇంటివాళ్లనే తెమ్మనండి. కాగితం చూశాకే రంపం.

లెక్కల_వదిన:

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. చిన్న వ్యాపారాల నమోదుకి కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్లో ఆధార్, పాన్ పెట్టి మీరే చేసుకోవచ్చు, రూపాయి కట్టక్కర్లేదు. రెండు వేలు, మూడు వేలు అడిగే నెట్ సెంటర్ల వైపు చూడకండి. సర్వీసు వ్యాపారానికి ఏడాది అమ్మకం 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఇంటి నుంచి కాకుండా షెడ్డు గానీ నర్సరీ గానీ తెరిస్తే కార్పొరేషన్లో ట్రేడ్ లైసెన్సు అడగండి. అప్పు కావాలంటే కేంద్రం ముద్ర పథకంలో శిశు కింద 50 వేల వరకు ఉంది, కానీ మొదటి ఆరు నెలలు అప్పు లేకుండా నడపండి. ఆడవాళ్లు డ్వాక్రా గ్రూపులో ఉంటే బ్యాంకు లింకేజీ అప్పు వడ్డీ ముందు అడిగి చూసుకోండి.

నలుగురికీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణానికి 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లకి. జూన్ 1కి ముందు ఖాతాలో ఆ 20 ఉండేలా చూసుకోండి, లేకపోతే రెన్యూ అవ్వదు.

గంట 330 అంటే బాగానే ఉంది. ఇక పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ ముందు వారం ఇంటి శుభ్రత పనులు ఎన్ని వస్తాయో అన్నీ ఒప్పుకోకు. దసరా వెళ్లిన మంగళవారం నాడు ఊళ్లో బళ్లు కదలవు, ఆ రోజూ ముందు రోజూ ఏ ఇంటికీ మాటివ్వకు. ఉన్నది నలుగురే, రెండు జంటలు. వారానికి ఎన్ని ఇళ్లో పుస్తకంలో గడులు గీసి, గడి నిండాక సంక్రాంతి ముందుకి రాసుకో.